క్యూఆర్ ఎవరి ఖాతాది? నెల్లూరు, ఒంగోలు ఎన్నికల ‘డిజిటల్ ప్యాకేజీ’లపై సమీక్ష

ఎన్నికలు దగ్గర పడితే నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఫ్లెక్సీలు కొట్టే షాపులు కూడా ‘సోషల్ మీడియా ప్యాకేజీ’ అమ్మడం మొదలుపెడతాయి. పేరు ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడపడం, రోజుకిన్ని రీల్స్, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే సంస్థ) ప్రకటనలు, వాట్సాప్‌లో బల్క్ మెసేజ్‌లు, చివర్లో కొత్తగా చేరిన ఐటమ్ ‘క్రౌడ్ ఫండింగ్’. అంటే చిన్న విరాళాలు అడిగే ఒక పేజీ, దానికొక క్యూఆర్ కోడ్. ఈ సమీక్ష ఏ ఒక్క షాపు మీదా కాదు, ఆ ప్యాకేజీ మీద. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న అభ్యర్థి, ఆయన దగ్గర లెక్కలు రాసే మనిషి, ఈ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. వీడియోలు, మెటా ప్రకటనల పని కొనుక్కోవచ్చు, డబ్బుకు తగ్గ పని జరుగుతుంది. వాట్సాప్ బల్క్ అసలు వద్దు. విరాళాల పేజీని వాళ్లతో డిజైన్ చేయించుకోండి గానీ క్యూఆర్ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. ప్యాకేజీలో అన్నిటికన్నా తేలికగా కనిపించేది అదే, రేపు అభ్యర్థి మెడకు చుట్టుకునేదీ అదే.

చిన్న విరాళాలతో ఎన్నికలు నడపడం కొత్త విద్యేమీ కాదు. అమెరికాలో 2004 ఎన్నికల కోసం హొవార్డ్ డీన్, 2008లో ఒబామా ఇంటర్నెట్ మీద చిన్న మొత్తాలు పోగేశారు. మన దగ్గర 2019లో బీహార్‌లోని బెగూసరాయ్‌లో లోక్‌సభ అభ్యర్థి కన్హయ్య కుమార్ సుమారు 70 లక్షలు ఆన్‌లైన్‌లో సేకరించారు. అప్పటి లోక్‌సభ ఖర్చు పరిమితి కూడా అంతే. 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ తన 138 ఏళ్లకు గుర్తుగా 138, 1,380, 13,800 రూపాయల చొప్పున అడిగింది. జనసేన ‘నా సేన కోసం నా వంతు’ అంటూ అడిగింది. నెల్లూరు జిల్లాకైతే ఇంకా దగ్గరి పాఠమే ఉంది. దూబగుంట సారా ఉద్యమం తర్వాత పొదుపు లక్ష్మి గ్రూపుల్లో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచారు. ఆ పుస్తకాల్లో ప్రతి రూపాయికీ ఎదురుగా ఒక పేరు ఉండేది. ప్యాకేజీ అమ్మేవాళ్లు మర్చిపోయేది ఆ పేరునే.

ముందు అంకెలు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఇది 2022 జనవరిలో పెంచిన లెక్క. వంద రూపాయల చొప్పున 40 లక్షలు రావాలంటే 40,000 మంది ఇవ్వాలి. నియోజకవర్గంలో ఓటర్లే రెండు లక్షల పైచిలుకు. కాబట్టి ‘ఖర్చంతా జనమే పెట్టుకుంటారు సార్’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 500 మంది 116 చొప్పున ఇస్తే 58,000. ఆటోలకు, కరపత్రాలకు, కొన్నాళ్ల ప్రకటనలకు ఆసరా అవుతుంది. అంతకంటే విలువైనది ఆ 500 మంది పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు. పోలింగ్ ఏజెంటుగా ఎవరు కూర్చుంటారని వెతికేటప్పుడు మొదట ఫోన్ చేయాల్సింది వీళ్లకే. డబ్బు ఇచ్చిన మనిషి ఊరికే లైక్ కొట్టిన మనిషిలాంటివాడు కాదు.

క్యూఆర్ సంగతి

ప్యాకేజీల్లో మూడు రకాల క్యూఆర్‌లు తగులుతాయి. మొదటిది ఏజెన్సీ సొంత పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ డబ్బు ముందు తన దగ్గర జమ చేసుకుని తర్వాత మనకు పంపే సర్వీసు. రెండోది అభ్యర్థి పాత సేవింగ్స్ ఖాతాదో, బావమరిది ఖాతాదో. మూడోది నామినేషన్ కోసం ప్రత్యేకంగా తెరిచిన ఎన్నికల ఖాతాది. ఈ మూడింటిలో పనికొచ్చేది మూడోది ఒక్కటే.

గేట్‌వేలో ఇబ్బంది ఏమిటంటే, రోజంతా వచ్చిన విరాళాలన్నీ కలిపి, వాళ్ల రుసుము కోసుకుని, సాధారణంగా మర్నాటి పనిదినాన ఒకే మొత్తంగా ఖాతాలో వేస్తారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 200 మంది ఒక్క లైను అయిపోతారు. ఎన్నికల సంఘం పంపే ఖర్చుల పరిశీలకుడు వచ్చి ‘ఈ పదిహేడు వేలు ఎవరిచ్చారు?’ అంటే చూపించడానికి ఏజెన్సీ కంప్యూటర్‌లోని ఎక్సెల్ షీట్ తప్ప ఇంకేమీ ఉండదు. కోసుకున్న రుసుము కూడా ప్రచార ఖర్చే, అదీ ఎన్నికల ఖర్చుల రిజిస్టర్‌లో ఎక్కాలి. పైగా డబ్బు ముందు వాళ్ల చేతికి వెళుతుంది. బిల్లు దగ్గర పేచీ వస్తే ‘విరాళాల్లోంచి సర్దుకున్నాం’ అంటారు. పార్టీ ఆఫీసు బల్ల మీద పెట్టే, డబ్బు పడగానే మోగే డబ్బా క్యూఆర్ కూడా ఈ జాతిదే. చూడ్డానికి హుషారుగా ఉంటుంది గానీ అది వ్యాపారుల కోసం చేసింది, మామూలుగా దాంట్లోనూ డబ్బు అంతా కలిపి ఒకే మొత్తంగానే ఖాతాలోకి వస్తుంది.

బావమరిది ఖాతా అయితే నేరుగా నిబంధనకే విరుద్ధం. ఎన్నికల సంఘం చెప్పేది స్పష్టంగా ఉంది. నామినేషన్ వేయడానికి కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుల కోసమే కొత్త ఖాతా తెరవాలి. అది అభ్యర్థి పేరు మీద ఉండొచ్చు, లేదా అభ్యర్థి, ఎన్నికల ఏజెంటు కలిసి ఉమ్మడిగా తెరవొచ్చు. ఏజెంటు కాని భార్యతోనో తమ్ముడితోనో ఉమ్మడిగా కుదరదు. రాష్ట్రంలో ఎక్కడైనా, ఏ బ్యాంకులోనైనా తెరవొచ్చు. సహకార బ్యాంకు, పోస్టాఫీసు కూడా సరే. అయితే యూపీఐ కావాలి కాబట్టి మామూలు బ్యాంకే మేలు. ఖాతా నంబరును నామినేషన్ సమయంలో రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. వచ్చిన డబ్బు, నగదుతో సహా, ముందు ఈ ఖాతాలో పడాలి. ఖర్చు దీంట్లోంచే వెళ్లాలి.

‘ఒక రోజు ముందు’ అన్నారు కదా అని ఆఖరి రోజు దాకా ఆగితే యూపీఐ దగ్గర చిక్కు పడుతుంది. 2024లో మనకు నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, నామినేషన్లకు ఆఖరు 25. అలాంటి షెడ్యూల్‌లో పదో తేదీకల్లా ఖాతా చేతిలో ఉండాలి. కారణాలు చిన్నవే, కానీ ఒక్కొక్కటీ ఒక్కో రోజు తింటుంది. యూపీఐ పిన్ పెట్టాలంటే డెబిట్ కార్డు రావాలి, లేదా ఖాతాకు ఆధార్, మొబైల్ లింకై ఉండాలి. సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండి, దాన్నుంచి ఎస్సెమ్మెస్ వెళ్తేనే రిజిస్ట్రేషన్ అవుతుంది. కొత్తగా పెట్టుకున్న మొదటి 24 గంటలు పంపే పరిమితి 5,000 రూపాయలే. అందుకని ఈ ఖాతాకంటూ విడిగా ఒక సిమ్, ఒక మామూలు ఫోన్ కొని లెక్కల మనిషి దగ్గర పెట్టాలి. అభ్యర్థి ఫోన్ ప్రచారంలో పది చేతులు మారుతుంది, ఓటీపీలు దాంట్లోకి రాకూడదు.

ఇంకోటి, ఏజెన్సీలు అసలు చెప్పనిది. నిన్న తెరిచిన ఖాతాలోకి ఒక్కసారిగా వందల మంది నుంచి చిన్న చిన్న మొత్తాలు వస్తే బ్యాంకు కంప్యూటర్‌కు అది మోసగాళ్ల ఖాతాలా కనిపిస్తుంది. డబ్బు బయటికి పోకుండా ఆపేసే ప్రమాదం ఉంది. ప్రచారం మధ్యలో, అందునా శనివారం సాయంత్రం అలా ఆగితే సోమవారం దాకా ఆటోవాళ్లకు సమాధానం చెప్పలేరు. ఖాతా తెరిచిన రోజే బ్రాంచి మేనేజర్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి: ఇది ఎన్నికల ఖాతా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా యూపీఐ ద్వారా చిన్న విరాళాలు ఎక్కువ సంఖ్యలో వస్తాయి, అని. నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.

ఇక పేర్లు. యూపీఐ జమ స్టేట్‌మెంట్‌లో 12 అంకెల నంబరు, పంపినవారి పేరు వస్తాయి. కానీ చాలా బ్యాంకుల్లో పేరు మధ్యలోనే తెగిపోతుంది. వెంకటేశ్వర్లు ‘వెంకటేశ్’ దగ్గర ఆగిపోతాడు. మన జిల్లాల్లో పెంచలయ్యలు, మస్తానయ్యలు, మాలకొండయ్యలు ఎంతమందో అందరికీ తెలుసు. ఇంటిపేరు లేకుండా స్టేట్‌మెంట్‌లో ‘పెంచలయ’ అని ఆరుసార్లు ఉంటే ఎవరు కోవూరు, ఎవరు పొదలకూరు? అందుకే క్యూఆర్ పక్కనే ఒక చిన్న ఫారం ఉండాలి. ఆన్‌లైన్‌లో అయితే గూగుల్ ఫారం, ఊళ్లో అయితే నంబర్లు వేసిన రసీదు పుస్తకం. ఇంటిపేరుతో పూర్తి పేరు, ఊరు, ఫోన్, మొత్తం, ఆ 12 అంకెల నంబరులో చివరి నాలుగు. ఈ అయిదు గడులు చాలు, ఇంకా అడిగితే జనం మధ్యలో వదిలేస్తారు.

ఊళ్లో అడిగేటప్పుడు కార్యకర్తకు ఇదే కష్టమైన పని. 

‘వంద రూపాయలకు గూడా పేరెందుకబ్బా?’ 

‘లెక్క రాయాల గదన్నా. నీ వంద నీ పేరు మీదే ఉండాల, లేకపోతే రేపు ఎవురిదంటారు?’ 

ఈ ఒక్క మాట సరిగా చెప్పగలిగిన కుర్రాడు పది రీల్స్‌కు సమానం.

మొత్తాల విషయంలో ఏజెన్సీలు 99, 499, 999 అని ఆన్‌లైన్ అంగడి ధరలు పెడుతుంటాయి. అది అనవసరం. మనకు 116, 516, 1,116 ఉన్నాయి. ఇచ్చేవాళ్లకు కూడా అది చదివింపులా చేతికి అలవాటైన అంకె. దీంట్లోనే లెక్కకు పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మండలానికో చివరి అంకె కేటాయిస్తే, ఒక మండలం పోస్టర్‌లో 116, పక్క మండలంలో 117, ఆ పక్కన 118 అని, స్టేట్‌మెంట్ చూడగానే డబ్బు ఎటు నుంచి వచ్చిందో సగం తెలిసిపోతుంది. సగమే అనడం ఎందుకంటే, చాలామంది మళ్లీ రౌండుగా వందే కొడతారు. ఫారం ఎలాగూ తప్పదు.

నగదు ఇస్తామనేవాళ్లూ ఉంటారు, కాదనక్కర్లేదు. కానీ ఒక వ్యక్తి నుంచి గానీ సంస్థ నుంచి గానీ ఎన్నిక మొత్తం మీద 10,000 దాటి నగదుగా తీసుకోకూడదు. ఖర్చు వైపు కూడా అదే గీత, ఒకరికి మొత్తం మీద 10,000 దాటితే చెక్కో ఆన్‌లైనో ఉండాలి. సభలో హుండీ తిప్పమని ప్యాకేజీవాళ్లు సలహా ఇస్తారు, వీడియోకు బాగుంటుందని. హుండీలో పడిన నోటుకు పేరుండదు. వీడియో కోసం ఆ తలనొప్పి ఎందుకు? ‘విరాళమిచ్చిన వారికి లక్కీ డ్రాలో స్మార్ట్‌ఫోన్’ లాంటి ఐడియాలు ఇంకా ప్రమాదం. ఓటరుకు లాభం ఎర చూపడం లంచం కింద కేసు కావచ్చు.

విరాళాల పోస్టర్ల మీద రెండు అబద్ధాలు మామూలుగా కనిపిస్తాయి. ఒకటి, ‘మీ విరాళానికి 100 శాతం పన్ను మినహాయింపు’. ఆదాయపు పన్ను చట్టం కింద వచ్చే మినహాయింపు రిజిస్టరైన రాజకీయ పార్టీకి, నగదు కాకుండా ఇచ్చిన విరాళానికే. అభ్యర్థి వ్యక్తిగత ఎన్నికల ఖాతాకు ఇచ్చినదానికి అది లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు పార్టీకి ఇచ్చినా లేదు. స్వతంత్ర అభ్యర్థి పోస్టర్ మీద ఈ లైను ఉంటే వెంటనే తీయించండి. రెండోది, ‘ప్రపంచంలో ఎక్కడి నుంచైనా పంపవచ్చు’. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం ఎన్నికల అభ్యర్థి విదేశీ సొమ్ము తీసుకోకూడదు. అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో వచ్చిపోయే మేనమామ పంపితే మాత్రం విదేశీ విరాళమే, అది నెల్లూరు బ్రాంచిలోని ఖాతా నుంచి వచ్చినా సరే. ఇళ్లిళ్లకూ అమెరికా బంధువులున్న చోట ఇది ఊహకు రాని సమస్య కాదు. ఆన్‌లైన్ ఫారంలో ‘నేను భారత పౌరుణ్ణి/పౌరురాలిని’ అనే గడి ఒకటి పెట్టి, టిక్ చేస్తేనే క్యూఆర్ కనిపించేలా చేయించండి. డిజైనర్‌కు అది ఎంతో సేపు పట్టదు.

దొంగ క్యూఆర్ బెడద కూడా ఉంది. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్‌లో క్యూఆర్ ఒక్కటి మార్చి మళ్లీ వదలడం చాలా తేలిక. పోస్టర్ మీద క్యూఆర్ కింద ఖాతాదారు పేరు బ్యాంకులో ఉన్నట్టే పెద్ద అక్షరాల్లో వేసి, ‘ఫోన్‌లో ఈ పేరు వస్తేనే పంపండి’ అని రాయాలి. వచ్చిన స్క్రీన్‌షాట్ చూసి రసీదు ఇవ్వొద్దు, ఖాతాలో జమ చూశాకే.

రోజూ రాత్రి ఒక పని తప్పదు. స్టేట్‌మెంట్ దించుకోవడం, ఫారాలతో జోడీ కలపడం, పేరు దొరకనివాటికి ఆ రాత్రే ఫోన్ చేయడం. నాలుగు రోజులు ఆగితే ‘నేను పంపానా?’ అంటారు. రిటర్నింగ్ అధికారి ఇచ్చే రిజిస్టర్‌లో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకుకు. యూపీఐ విరాళం పసుపులో ఎక్కాలి, దాంతో కొన్నది తెల్లలో ఎక్కాలి. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు ఈ పుస్తకం తనిఖీకి వెళుతుంది. అక్కడ పరిశీలకుడి దగ్గర వాళ్లు సొంతంగా రాసుకున్న షాడో రిజిస్టర్ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ప్రకటనలు, సర్టిఫికెట్

మెటా ప్రకటనల పనిలో ఏజెన్సీలకు నిజంగా నేర్పుంది. అయితే కొనేముందు మూడు విషయాలు తేల్చుకోవాలి.

రాజకీయ ప్రకటన ఇచ్చేవాళ్లు మెటా దగ్గర గుర్తింపు ధ్రువీకరణ చేయించుకుని, ప్రకటన మీద డబ్బు ఎవరు కట్టారో చెప్పే ‘పెయిడ్ ఫర్ బై’ లైను (డిస్‌క్లెయిమర్) పెట్టాలి. భారత్‌లో ఇది 2019 నుంచి ఉంది. ధ్రువీకరణకు రోజులు పట్టొచ్చు. నామినేషన్ వేశాక మొదలుపెడితే ప్రచారంలో ఒక వారం పోయినట్టే. ఆ తొందరలో ఏజెన్సీలు తమ పేరు మీదో, ‘ఫలానా యువసేన’ అనే పేజీ మీదో నడిపేస్తాయి. అక్కడే తేడా వస్తుంది. మెటా యాడ్ లైబ్రరీలో ఏ పేజీ సుమారు ఎంత నుంచి ఎంత దాకా ఖర్చు పెట్టిందో ఎవరైనా చూడొచ్చు, ప్రకటన ఆగాక కూడా ఏడేళ్లు ఉంటుంది. అభ్యర్థికి తెలిసి ఎవరు పెట్టిన ఖర్చయినా అభ్యర్థి లెక్కలోకే వస్తుంది. తెలియకుండా, అనుమతి లేకుండా పెడితే పెట్టినవాడి మీద భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ ఉంది. ఎటు చూసినా దాచడానికి చోటు లేదు. కాబట్టి అభ్యర్థి సొంత పేజీ, అభ్యర్థి పేరుతో డిస్‌క్లెయిమర్, అభ్యర్థికి మాత్రమే చెందిన యాడ్ అకౌంట్. అయిదుగురు అభ్యర్థుల ప్రకటనలు ఒకే అకౌంట్‌లో, ఒకే క్రెడిట్ కార్డు మీద నడిపితే చివర్లో వచ్చే బిల్లును విడదీయలేరు. 10,000 ప్రకటనకు 18 శాతం జీఎస్టీ 1,800. అది కూడా ఖర్చే, చాలామంది రాయడం మర్చిపోతారు.

రెండోది, ఎవరికి చూపిస్తున్నారు? మెటాకు మన నియోజకవర్గం సరిహద్దు తెలియదు. ‘నెల్లూరు’ అని పెట్టి చుట్టూ వృత్తం గీస్తే నెల్లూరు సిటీ, రూరల్, పెన్న దాటి కోవూరు అన్నీ కలిసిపోతాయి. ఒంగోలు చుట్టూ గీస్తే సంతనూతలపాడు వచ్చేస్తుంది. పక్క నియోజకవర్గం ఓటర్లకు మన డబ్బుతో వీడియో చూపించడమన్నమాట. సరైన పద్ధతి మ్యాప్ మీద పిన్నులు గుచ్చి, ఒక్కోదానికి ఒకటి రెండు కిలోమీటర్ల పరిధి పెట్టడం, సరిహద్దు అవతలి ఊళ్లను విడిగా మినహాయించడం. ఇది ఓపిక పని, ఒక పూట పడుతుంది. ‘పిన్నులు ఎన్ని పెట్టారు? స్క్రీన్ చూపించండి’ అని అడగండి. తెల్లమొహం వేస్తే ఆ ఏజెన్సీ సంగతి అర్థమైనట్టే.

రీల్‌కు లక్షల వ్యూస్ వచ్చాయని చూపిస్తే, పేజీ గణాంకాలు చూపించే ‘ఇన్‌సైట్స్’లో ఊళ్ల వారీగా చూడండి. చాలాసార్లు హైదరాబాద్, బెంగళూరు పైన ఉంటాయి. అది పూర్తిగా వృథా కాదు. కనిగిరి, పొదిలి వైపు నుంచి పనుల కోసం వెళ్లినవాళ్లు ఆ నగరాల్లో ఉన్నారు, విరాళం అడగాల్సింది వాళ్లనే. ఓటు వీడియో ఊళ్లో, విరాళం వీడియో బయట. రెంటికీ ఒకే వీడియో వాడే ఏజెన్సీకి ఈ తేడా తెలియనట్టు. విరాళం వీడియోలో అభ్యర్థి నడిచొచ్చే స్లోమోషన్ అక్కర్లేదు. ఒక ఆటోకు రోజుకు బాడుగ, డీజిల్ ఎంతవుతుందో, ఎన్ని ఆటోలు కావాలో అభ్యర్థే కెమెరా వైపు చూసి చెబితే సరిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్ల గురించో వెలిగొండ ప్రాజెక్టు గురించో ఓటు వీడియోలో మాట్లాడండి. విరాళం వీడియోలో మాత్రం ధర కట్టిన ఒకే ఒక్క వస్తువు ఉండాలి.

మూడోది సర్టిఫికెట్. ఇక్కడే ప్యాకేజీల ‘రోజుకో కొత్త యాడ్’ మాట తేలిపోతుంది. సోషల్ మీడియాలో డబ్బు కట్టి నడిపే రాజకీయ ప్రకటనకు మీడియా సర్టిఫికేషన్ కమిటీ ముందస్తు ఆమోదం కావాలి. 2013 నుంచి ఇదే నిబంధన. బల్క్ ఎస్సెమ్మెస్, వాయిస్ కాల్స్‌కూ అంతే. అభ్యర్థి అయితే ప్రసారానికి కనీసం మూడు రోజుల ముందు, రిజిస్టర్ కాని పార్టీ, ఇతరులు అయితే ఏడు రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. జిల్లా కమిటీ కలెక్టర్ కార్యాలయంలోనే. ఒంగోలులో అయితే ప్రకాశం భవన్. దరఖాస్తుతో పాటు వీడియో రెండు కాపీలు, అందులోని మాటలన్నీ రాసి ధ్రువీకరించిన ప్రతి, తయారీ ఖర్చు, ప్రసారానికి పెట్టబోయే ఖర్చు ఇవ్వాలి. ఆ మాటల ప్రతి లేకుండా వెళ్లి వెనక్కి రావడం మామూలు. వీడియోలో ఒక వాక్యం మార్చినా, విరాళం మొత్తం 116ను 516 చేసినా అది కొత్త ప్రకటన, మళ్లీ సర్టిఫికెట్. ఏజెన్సీ ఒకే వీడియోను పది రకాలుగా చేసి ఏది బాగా ఆడుతుందో చూద్దామంటుంది. సబ్బుల ప్రకటనకు అది బాగుంటుంది గానీ ఇక్కడ పది దరఖాస్తులవుతాయి. రెండు రకాలు చేసి, రెండూ ఒకేసారి ఇచ్చేయడం నయం. గూగుల్, యూట్యూబ్ ప్రకటనలకైతే ఈ సర్టిఫికెట్ చూపించనిదే మొదలే కాదు.

సొంత పేజీలో ఊరికే పెట్టే పోస్టుకు సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే పోస్టును డబ్బు కట్టి ‘బూస్ట్’ చేశారంటే ప్రకటన అయిపోయింది. పేజీ నడిపే కుర్రాడు రాత్రి పదకొండింటికి ఉత్సాహం కొద్దీ నొక్కే ఆ నీలం బటన్ చాలా నోటీసులకు మూలం. పేజీలో అతనికి పోస్టులు పెట్టే హక్కు ఇచ్చి, ప్రకటనల హక్కు ఇవ్వకుండా సెట్టింగ్ పెట్టొచ్చు. పెట్టండి. అన్నట్టు, ఆ కుర్రాడి జీతం, వీడియో తీసినవాళ్ల కూలి కూడా సోషల్ మీడియా ఖర్చే, పోస్టు ఉచితమైనా సరే. అభ్యర్థి వాడే అకౌంట్లన్నీ నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో రాయాలి.

కృత్రిమ మేధతో చేసిన గొంతు, బొమ్మ వాడితే లేబుల్ తప్పనిసరి. 2025 అక్టోబర్‌లో ఎన్నికల సంఘం ఇచ్చిన సూచన ప్రకారం తెర మీద కనీసం పది శాతం మేర లేబుల్ కనపడాలి, ఆడియోలో అయితే మొదటి పది శాతం సేపు చెప్పాలి. చనిపోయిన నాయకుడి గొంతుతో ఓటడిగించే ప్యాకేజీలు ఉన్నాయి. లేబుల్ వేసినా అది వద్దనే మా మాట.

వాట్సాప్

దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్‌ను పార్టీలు, అభ్యర్థులు ప్రచారానికి వాడటాన్ని ఆ సంస్థే నిషేధించింది. కాబట్టి ‘లక్ష మందికి వాట్సాప్’ అని అమ్మేది దొడ్డిదారి సాఫ్ట్‌వేర్, పారేసే సిమ్ కార్డులు. నలుగురు ‘రిపోర్ట్’ కొడితే నంబరు పోతుంది. వాళ్లు ‘మా దగ్గర ఓటర్ల ఫోన్ డేటా ఉంది’ అంటారు. ఎన్నికల సంఘం విడుదల చేసే ఓటరు జాబితాలో ఫోన్ నంబర్లు ఉండవు. మరి ఆ డేటా ఎక్కడి నుంచి వచ్చినట్టు? 

చేతిలో ఉన్న వాట్సాప్ చాలు. ఒక గ్రూపులో 1,024 మంది పడతారు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. విరాళం రసీదు పంపేటప్పుడే ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అని అడిగితే ఆ జాబితా దానంతటదే తయారవుతుంది. ఒక మెసేజ్‌ను ఒకసారికి అయిదు చాట్‌లకే ఫార్వర్డ్ చేయగలం, బాగా తిరిగిందైతే ఒక్కదానికే. అందుకని ఏజెన్సీ పోస్టర్ కన్నా, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో మనవాడు సొంతంగా టైప్ చేసిన రెండు లైన్లే ఎక్కువ దూరం పోతాయి.

ఒప్పందంలో రాయించాల్సినవి

బిల్లు ‘డిజిటల్ సర్వీసెస్’ అని ఒక్క లైనులో ఇస్తే తీసుకోవద్దు. వీడియోల తయారీ, మనుషుల జీతాలు, ప్రకటనల ఖర్చు, జీఎస్టీ విడివిడిగా ఉండాలి. ప్రకటనల ఖర్చుకు మెటా ఇచ్చిన అసలు ఇన్‌వాయిస్ జత కావాలి. నామినేషన్‌కు ముందు తీసి పెట్టుకున్న వీడియో అయినా తర్వాత వాడితే దాని ఖర్చు లెక్కలోకి వస్తుంది. కాబట్టి పాత బిల్లులు కూడా తేదీలతో అడిగి పెట్టుకోండి. చెల్లింపులు ఎన్నికల ఖాతా నుంచే.

ప్రతి ప్రకటనకూ ముగింపు తేదీ, గంట ముందే పెట్టించాలి. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగాలి. 2024లో పోలింగ్ మే 13న, ప్రచారం మే 11 సాయంత్రం ఆరింటికి ముగిసింది. ‘రోజువారీ బడ్జెట్, ముగింపు లేదు’ అని వదిలేసిన ప్రకటన ఆ రాత్రి కూడా ఆడుతూనే ఉంటుంది, స్క్రీన్‌షాట్ ఎన్నికల ఉల్లంఘనలపై జనం ఫిర్యాదు చేసే సీ-విజిల్‌లోకి వెళుతుంది. షెడ్యూల్ చేసి పెట్టిన పోస్టులను కూడా అప్పుడే తీసేయండి.

ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. 2024లో ఫలితాలు జూన్ 4న, అంటే గడువు జూలై 4. ఓడినవాళ్లు, డిపాజిట్ పోయినవాళ్లు కూడా ఇవ్వాల్సిందే. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత వేయొచ్చు. ఏజెన్సీలు ఫలితం రోజు సాయంత్రానికే ఫోన్ ఎత్తడం తగ్గిస్తాయి. కాబట్టి ఆఖరి వాయిదాలో కొంత ఆపి పెట్టి, మెటా బిల్లుల పీడీఎఫ్‌లు, సర్టిఫికెట్ల నకళ్లు, ఆన్‌లైన్ విరాళాల ఫారం పూర్తి షీటు, పేజీ అడ్మిన్ హక్కులు చేతికి వచ్చాకే ఆ చెక్కు ఇవ్వండి. అడ్మిన్ జాబితాలో ఏజెన్సీ కుర్రాళ్ల పేర్లు తొలగించి, పోస్టర్లలోని క్యూఆర్‌లన్నీ తీసేశాక, ఆ చెక్కు చెల్లుబాటయ్యాకే ఎన్నికల ఖాతా మూయించండి.